ఫొటో కోసం మళ్లీ పడుకున్న వరి

ఈ రోజు మా గోపాల్‌పేట దగ్గరి పొలాలకు పంట నష్టం రాసుకోవడానికి వ్యవసాయ అధికారి వచ్చాడు. మొన్నటి వడగండ్ల వానకు మా మరదలు బాలమ్మ వరి నేలకొరిగింది. బురదలో వడ్లు మొలకెత్తుతాయని ఆమె పొద్దున్నే సగం మడిని లేపి, నాలుగైదు దుబ్బులు కలిపి ముడివేసి నిలబెట్టింది. అదే తప్పయింది.

"పంట నిలబడే ఉంది గదమ్మా. ఫొటోల పడ్డట్టు కనవడకుంటే పైసలు రావు," అన్నాడు అధికారి.

నా చిన్నప్పుడు ఫొటోలు తీసేవాడు నిటారుగా నిలబడమని ప్రాణం తీసేవాడు. కాలం మారింది.

బాలమ్మ మడిలోకి దిగి ముడులన్నీ విప్పేసింది. వరి మళ్లీ పడుకుంది. అధికారి ఫొటో తీసుకుని వెనక్కి తిరిగేసరికి, అతని చేతిలోని కాగితాలు లాక్కుని నాకిచ్చింది.

"ఫొటో అయిపాయె గద సారూ. పండవెట్టిచ్చింది నువ్వే, ఇగ జర వంగి లేపు."

పాపం, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాడు. మధ్యాహ్నం దాకా లేపాడు. ముడి వేయడం కూడా వచ్చింది.

పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, సర్కారు నుంచి బాలమ్మకు ఇప్పటిదాకా అందిన సాయం ఇదే. మీ ఊళ్లో ఎంత అందిందో చెప్పండి.