చెరువులో సాగిపోయిన విమానం ముక్క

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు, పుప్పాలగూడలో నా కాపురం కొత్త. మా ఆయన పాత సామాన్ల అంగళ్లలో వెతికి, పాడైన విమానాల అల్యూమినియం మిశ్రమ లోహపు ముక్కలు తెచ్చి దాచుకునేవారు. వాటిలో లోతైన గుండ్రటి మూత ఒకటంటే ఆయనకు ప్రాణం.

సద్దుల బతుకమ్మకు ఆయనే దాన్ని నా చేతికిచ్చారు. "తాంబాళం బరువు. దీంట్ల పేర్చు."

ఇత్తడి తాంబాళమైతే చెరువులో వదలగానే పూలు తేలతాయి, తాంబాళం మునిగి చేతిలో మిగులుతుంది. ఇది మునగలేదు. గాలికి బతుకమ్మతో సహా పడవలా సాగిపోయింది.

ఈత రాని మా ఆయన పంచె ఎగగట్టి దిగారు. నీళ్లు గొంతు దాకా వచ్చాయి.

"ఇగ రారా బిడ్డా. ఎగిరేదాన్ని ఈదుకుంట పట్టుకుంటవా?" అంది అత్తమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వుతూ వెనక్కి వచ్చారు. మూత పొద్దుగూకే వేళకు అవతలి గట్టున దొరికింది.

మరుసటి ఏడు దాని అంచుకు బెజ్జం వేసి తాడు కట్టారు.

ఇన్నేళ్ల కాపురం తర్వాత ఆయన పోయారు కనుక ఈసారి మాకు పండుగ లేదు. పక్కింటి కోడలు వచ్చి, "పెద్దమ్మా, తాడు పళ్లెం ఇస్తవా?" అంది. చాలా రోజులకు నవ్వొచ్చింది.

"తీస్కపో. తాడు మాత్రం ఇడువకు" అన్నాను.