గరీబ్‌ఖానా ఇంగ్లీషు

మా బాపు వామన్‌రావుకు ఇంగ్లీషు రాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ముప్పై ఏళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పిన దాన్ని, తప్పులు పట్టడమే నా నౌకరీ. ఆయనకు మాటలు బాగానే వచ్చేవి. స్టేషన్‌ను ఇస్టేషన్ అనేవాడు, స్టూల్‌ను ఇస్టూల్ అనేవాడు. అయితే ఏం? ఆ రోజుల్లో నాంపల్లిలో అలా అననివాడెవడు? ఆయనతో వచ్చిన చిక్కు వేరు. హైదరాబాదు మర్యాదనంతా మూటగట్టి ఇంగ్లీషు నెత్తిన పెట్టేవాడు.

ఉర్దూ దఫ్తరులో ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేసిన మనిషి. ఎదుటివాళ్లది గుడిసైనా సరే 'దౌలత్‌ఖానా', సిరిసంపదల ఇల్లు. మనది మేడైనా సరే 'గరీబ్‌ఖానా', పేదకొంప. ఇక తాను ఎందుకూ కొరగానివాడు. ఉర్దూలో అందరూ అలాగే అంటారు, ఎవరూ నమ్మరు, అందరూ సంతోషంగా ఉంటారు. ఇంగ్లీషులో అంటేనే తంటా. ఒకసారి ఆబిడ్స్‌లో పార్సీ దుకాణదారు ఏం కావాలని ఇంగ్లీషులో అడిగితే, "నావంటి పనికిమాలినవాడికి ఒక నిబ్బు" అని ఇంగ్లీషులోనే చెప్పాడు. ఎక్కడుంటారంటే, "ఇస్టేషన్ వెనకాల, పూర్ హౌస్‌లో" అన్నాడు. ఆ పుణ్యాత్ముడు జాలిపడి నిబ్బు ఊరికే ఇవ్వబోయాడు. బాపు మూడు సలాములు చేసి, పైసలు బల్ల మీద పెట్టి వచ్చాడు. పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టయింది.

ఇదంతా 1949 దాకా ఇంట్లో నవ్వులాటే. అప్పటికి నిజాం పాలన పోయి ఏడాది కాలేదు. దఫ్తరులో ఉర్దూ తీసేసి ఇంగ్లీషు పెట్టారు. మద్రాసు నుంచి ఒక తమిళ అధికారి వచ్చాడు. ఆయనకు ఉర్దూ రాదు, తెలుగు అంతంతమాత్రం. ప్రతి గుమాస్తా తన గురించి, తన పని గురించి ఇంగ్లీషులో అర పేజీ రాసివ్వాలనీ, దాన్ని చూసి ఎవరిని ఉంచాలో ఎవరిని ఇంటికి పంపాలో తేలుస్తాననీ హుకుం జారీ చేశాడు.

మా బాపు ఒక ఆదివారమంతా కూర్చుని రాశాడు. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "తమ పాదధూళిని. నాకే యోగ్యతా లేదు. ఇన్నేళ్లలో ఏదైనా మంచి పని జరిగి ఉంటే అది పెద్దల దయ. తప్పులు మాత్రం నావి." అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క కామా కూడా తప్పు పోలేదు.

నాలుగో రోజు ప్రహ్లాద్ కాక మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. బాపు పక్క బల్ల మీద పనిచేసేవాడాయన.

"వదినా, కొంప మునిగింది! వామన్‌రావు కాయితం మీద సాబు ఎర్ర సిరాతోని రాసిండు. 'యోగ్యత లేదని తానే ఒప్పుకున్నడు' అని. సోమవారం పిలుస్తడంట. గాడ సరిగ్గ చెప్పకుంటే నౌకరీ పోయినట్టే."

మా అమ్మ అహల్య ఉన్నచోటే కూలబడింది. "కిరాయి ఇల్లు, ముగ్గురు పిల్లలు. ఏం రాసిన్రండీ గాడ?"

"మర్యాదగ రాసిన," అన్నాడు బాపు.

నాకు ఒళ్లు మండింది. "మర్యాద తగలెయ్య! నాకు పని వచ్చు అని రాయొద్దా బాపూ?"

"నన్ను నేను పొగుడుకోవాల్నా? ఛీ ఛీ! గది మనుషులు చేసే పనేనా వసుమతీ?"

సోమవారం దాకా రోజూ పొద్దున్నే వసారాలో బడి పెట్టాను. పదహారేళ్ల పంతులమ్మకు యాభై ఏళ్ల శిష్యుడు. 'యూ ఆర్ ఏ గుడ్ క్లర్క్', మీరు మంచి గుమాస్తా అన్న వాక్యం గడగడా చెప్పేవాడు. 'హీ ఈజ్ ఏ గుడ్ క్లర్క్' ఇంకా హుషారుగా చెప్పేవాడు, పైగా ప్రహ్లాద్ కాక పేరు కూడా చేర్చి. 'ఐ యామ్' దగ్గరికి వచ్చేసరికి గొంతు నూతిలోకి దిగిపోయేది. తర్వాతి మాట కోసం నేను చెవి రిక్కించి కూర్చుంటే, ఆయన నా పలక వంక చూస్తూ కూర్చునేవాడు.

రాయమంటే ఆ 'ఐ'ని చిన్నక్షరంతో రాసేవాడు. పెద్దది రాయాలని నేను గీటు గీశాను.

"'నేను' అనే మాటను పెద్దక్షరంతోని, 'మీరు' అనే మాటను చిన్నక్షరంతోని రాస్తరా? గిదేం భాష బిడ్డా? జర సిగ్గుండొద్దా?"

"చెప్పినట్టు రాయండి" అని కసిరాను. పాపం, తల వంచుకుని దిద్దుకున్నాడు.

సోమవారం వచ్చింది. సాబు గదిలో ఏం జరిగిందో గుమ్మంలో నిలబడి విన్న ప్రహ్లాద్ కాక మాకు తర్వాత చెప్పాడు.

నువ్వు మంచి గుమాస్తావేనా అని సాబు అడిగాడట. బాపు నోరు తెరిచాడు, మూశాడు. సాబు మళ్లీ అడిగాడు. బాపు తన చెప్పుల వంక చూసుకున్నాడు. సాబు విసిగిపోయి కాయితం పక్కకు నెట్టాడు. అంతలో చప్రాసి వచ్చి, చాదర్‌ఘాట్ స్థలం ఫైలు ఇంకా దొరకలేదని చెప్పాడు. మూడు రోజులుగా దాని కోసం దఫ్తరంతా తలకిందులవుతోంది. ఎర్ర సిరా పడ్డప్పటి నుంచి, ఆ ఫైళ్లన్నీ చూసుకునే బాపును రికార్డు గదిలో అడుగు పెట్టనివ్వలేదు మరి. సాబుకు కోపం నషాళానికి అంటింది.

"ఆ ఫైలు ఎక్కడుందో తెలిసిన మనిషి ఈ దఫ్తరులో ఒక్కడైనా ఉన్నాడా, లేడా?" అని ఇంగ్లీషులో అరిచాడు.

బాపు ఇరుకున పడ్డాడు. లేడంటే అబద్ధం. అబద్ధం ఆడటం ఆయన వల్ల కాదు.

"ఐ," అన్నాడు. "ఐ ఓన్లీ, సర్. నోబడీ ఎల్స్." నాకొక్కడికే తెలుసు, ఇంకెవరికీ తెలియదు అని.

'ఓన్లీ'ని పెట్టాల్సిన చోటు అది కాదు. కానీ మద్రాసు వాళ్లూ దాన్ని అక్కడే పెడతారు కాబట్టి సాబుకు చక్కగా అర్థమైంది. మూడో బీరువా, కింది అర, ఎర్ర గుడ్డ మూట అని చెప్పి, అయిదు నిమిషాల్లో బాపు ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. సాబు ఇంకో ఫైలు అడిగాడు. అదీ వచ్చింది. ఇంకోటి అడిగాడు. అదీ వచ్చింది. అప్పుడాయన ఎర్ర సిరా రాత కొట్టేసి, కింద నల్ల సిరాతో, ఈ మనిషిని వదులుకోకూడదు అని రాశాడు.

కాక ఇదంతా చేతులూపుతూ చెబుతుంటే అమ్మ పరమాన్నం వండింది. నేనైతే నేల మీద నిలవలేదు. గెలిచింది నా శిష్యుడు కదా! బాపు మాత్రం షేర్వానీ అయినా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. గిన్నె ముట్టలేదు.

"నోబడీ ఎల్స్ అన్న బిడ్డా. ప్రహ్లాద్ గాడనే నిలబడ్డడు. అందరి ముంగట గంత మాటన్న." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా బాపు ఏడవడం నేను చూడలేదు. నా సంబరమంతా చల్లారిపోయింది.

"నిజమే గదా! నాకు తెల్వదు గదా!" అన్నాడు కాక.

"నిజమైతె మాత్రం అంటరా?" అని, బాపు నా వైపు తిరిగాడు. "వసూ, రేపు పోయి సాబును మాఫీ అడగాలె. 'సారీ' వద్దు, గది కాలు తొక్కితె అనే మాట. నన్ను నేను పొగుడుకున్న, సిగ్గుపడుతున్న, నేను గంతటోన్ని కాదు, మన్నించున్రి. గిది ఇంగ్లీషుల ఎట్లంటరో రాసియ్యి."

అమ్మ నా వంక చూసింది. కాక నా వంక చూశాడు. సాబు బల్ల మీది ఎర్ర సిరా బుడ్డి మా ముగ్గురి కళ్ల ముందూ మెదిలింది. ఆ ముక్క నాకు వచ్చు. రెండు పంక్తుల్లో రాసివ్వగలను.

"గట్ల చెప్పే మాట ఇంగ్లీషుల లేదు బాపూ," అన్నాను.

"లేదా?"

"లేదు."

పంతులమ్మ మాటను అనుమానించే మనిషి కాదాయన. గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

"గంత పెద్ద భాషల గీ ఒక్క మాట లేకపాయె," అన్నాడు. "పాపం, ఎట్ల బతుకుతున్నరో."