నేను పుట్టించిన సుడి

పెబ్బేరు సంతలో ఆ వారం నాకంటే చవకగా ఎద్దును కొన్న మొనగాడు ఇంకొకడు లేడు. కాడి మెడ మీద పెట్టగానే పండుకునే ఎద్దును అంతగా మురిసిపోతూ ఇంటికి తోలుకొచ్చినవాడూ ఇంకొకడు లేడు. ఈ గొప్ప ఇప్పుడెందుకు చెప్పుకుంటున్నానంటే, మొన్న మా చెల్లెలి కొడుకు ఫోన్‌లో ఫొటోలు చూసి పాత ట్రాక్టర్ ఒకటి కొన్నాడు, అది చేన్లోకి దిగకముందే మొరాయించింది, దాన్ని ఇప్పించిన సొంత బావతో వాడికిప్పుడు మాటల్లేవు. పంచాయితీకని నన్ను పిలిచారు. ఇద్దరి నడుమ కూర్చొని, తప్పెవరిదో తేల్చలేక, చాయ్ చల్లారిపోతుంటే నాకు మా మేనమామ గుర్తుకొచ్చాడు.

మాది గద్వాల బజారులో కిరాణా దుకాణం. తక్కెడ పక్కనే పెరిగినవాణ్ణి గనుక, ఎదుటివాడు నోరు తెరవకముందే ఎంతకు దిగుతాడో లెక్కగట్టడం నాకు పాలతో పాటు అబ్బిన విద్య. మా ఇంట్లో నమ్మకాలకూ కొదవ లేదు: బోణీ బేరం పోగొట్టుకోవద్దు, దీపం పెట్టినంక సూది అమ్మొద్దు, ఇట్లాంటివి ఎన్నో. నేను అన్నీ పాటించేవాణ్ణి, ఒక్కటీ నమ్మేవాణ్ణి కాదు. ప్రతి నమ్మకం వెనుకా ఎవడిదో ఒకడి లాభం దాక్కొని ఉంటుందని నా అనుమానం. ఎవడైనా మొదటి నోటును కళ్ళకద్దుకుంటే, వాడి కళ్ళు కాదు, వాడి రెండో చేయి ఎక్కడుందో చూసేవాణ్ణి.

మేనమామది వీపనగండ్ల దగ్గర మెట్ట సేద్యం. రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. ఊళ్ళలోకి ట్రాక్టర్లు వచ్చినా మామ లాంటివాళ్ళకు ఇంకా జోడెద్దులే దిక్కు. ఆ ఎండాకాలం జోడులో ఒకటి చనిపోయింది. తొలకరి పడేలోగా ఇంకొక ఎద్దు దొరక్కపోతే ఆముదాలు విత్తే అదను తప్పిపోతుంది, అదను తప్పితే ఆ ఏడంతా తప్పినట్టే. అందుకని బేరానికి నన్ను పిలిపించారు. మా పిల్లగాడు రాయినైనా సగం ధరకు తెస్తడని అత్త వాడకట్టంతా చెప్పి మరీ పంపింది.

సంతలో మామ ఎద్దును చూసే తీరు నాకు విసుగు పుట్టించేది. ఒంటి మీద వెంట్రుకల సుడులు చూడాలంటాడు. కొమ్ముల మొదటి నుంచి తోక కుచ్చు దాకా, వెంట్రుకలకు ఎదురు అరచేయి పెట్టి నిదానంగా తడుముతాడు, కింద కూర్చొని పొట్ట కింద చూస్తాడు, లేచి మళ్ళీ అటుపక్కకు పోతాడు. మంచి సుడి అయితే గాదె నిండుతుందట, చెడ్డదైతే ఇల్లు మునుగుతుందట.

"మామా, ఎద్దును కొంటున్నవా, పిల్లనిచ్చేటందుకు అల్లుని చూస్తున్నవా?" అన్నాను.

పక్కనున్న దలాలు సాయిబు, మామకు చిన్ననాటి దోస్తు, గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "నీ అల్లుడు గద్వాలోడు బామ్మర్ది. తక్కెట్ల జోకుడు ఎరుకే గానీ తడుముడు తెల్వదు."

వీళ్ళిద్దరూ కలిసి పొద్దెక్కించి ధర పెంచుతున్నారేమోనని నాకప్పుడే అనుమానం. అంతలో ఒక తెల్లటి కోడె కనబడింది, మెడ నుంచి వెన్ను దాకా రంగుల గుడ్డ కప్పి ఉంది. గుడ్డ అంచుకు దిగువన, భుజం మీద వెంట్రుకలు కొంచెం తిరిగి ఉన్నాయి. అదేం సుడో నాకేం తెలుసు? అయినా అక్కడ వేలు పెట్టి, అయ్యో, ఇది ఇల్లు ముంచే సుడి గదా అని నలుగురికీ వినబడేటట్టు అన్నాను. మామ వంగి ఆ చోటు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు, "జర ఆ గుడ్డ తియ్యమను అల్లుడా" అని మాత్రం అన్నాడు. బేరం చెడగొడుతున్నాడని ఆయన కాలు తొక్కాను. సంత పద్ధతిలో, ఎవరికీ కనబడకుండా తువ్వాల కింద అమ్మేవాడి వేళ్ళు పట్టి ధర అడిగితే, నేను అడిగిన దగ్గరికి చటుక్కున దిగి వచ్చాడు. లోకంలో అందరినీ అనుమానించే నేను, ధర అంత తొందరగా ఎందుకు దిగిందని మాత్రం అనుమానించలేదు. అది నా నాలుక మహిమ అనుకున్నాను.

ఇంటికొచ్చాక గుడ్డ తీస్తే మెడ మీద పాత కాడి పుండు, పైపైన మానింది. వాన పడింది. ఊరంతా చేన్లలో ఉంటే మా ఎద్దు కాడి తగలగానే దుక్కిలో పండుకుంది, లేపితే లేచింది, మళ్ళీ పండుకుంది. గట్టు మీద జనం మూగారు. బేరం చేసిందెవరని ఎవరో అడిగారు. నేను వంగి చెప్పుల మట్టి దులుపుకోవడం మొదలుపెట్టాను.

సంతలో నేనన్న సుడి మాట అప్పటికే ఊరు చేరినట్టుంది, అత్త కొంగు బిగించి ముందుకొచ్చింది. "మా పిల్లగాడేం జేస్తడు? సుడి గట్లుంది దానికి. అందరి కండ్లు కప్పింది."

అంతే, జనమంతా నన్ను వదిలి ఎద్దు భుజం వైపు తిరిగారు. ఒకరిద్దరు తలలూపారు కూడా. మామ నోరు విప్పలేదు. సుడులన్నీ చేతి కింద చదివే మనిషి, అది ఉత్త వెంట్రుకల మలుపని తెలియకుండా ఉంటుందా? తెలిసే ఊరుకున్నాడా, లేక నిజంగానే నమ్మాడా? ఆయన పోయేదాకా అడుగుదామనుకున్నాను, అడగలేదు. నాకు అనుకూలమైన నమ్మకాన్ని తవ్వి చూసేటంత తెలివితక్కువవాణ్ణి కాను.

ఇప్పుడు ఎవరూ సుడులు చూడరు, మంచిదే. కానీ ఒక పని చెడిపోతే నిందను మోయడానికి మనిషి తప్ప ఇంకేదీ మిగల్లేదు. ఒకప్పుడు సుడి, తుమ్ము, పిల్లి ఎదురు రావడం ఎంత బరువు మోసేవో, ఎన్ని చుట్టరికాలను అతికించి ఉంచేవో.

ఇక లెక్క. ఊరందరి విత్తనం అయ్యాక మామ అరువు జోడుతో విత్తుకున్నాడు, ఆముదాలు సగానికి సగం తగ్గాయి. ఆ ఎద్దును ఇంకొకరికి అంటగట్టడం ఇష్టం లేక, చచ్చేదాకా ఇంటి వెనుక కట్టేసి మేపాడు. నాకు మాత్రం ఆ ఇంట్లో మొదటి విస్తరి ఏనాడూ తప్పలేదు. ఖర్చంతా మామది, లాభమంతా నాది.