నేను తొక్కిన నడుము

ఆ రోజు పొద్దున నీళ్ళ డ్రమ్ము జరపబోయి నా భార్య సుజాత ఉన్నచోటే కూలబడింది. "నడుం పట్టుకున్నది, జర తొక్కరాదూ" అంది. డాక్టరు దగ్గరికి పోవాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఎందుకంటే నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. అలా పుట్టినవాడు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా నాందేడ్ వైపు నమ్మకం. దూరాన ఉన్న ఉమ్రి ఊరి నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవారు. దాంతో నాకు కాస్త కళ్ళు నెత్తికెక్కాయి.

మూడుసార్లు తొక్కాను. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత నొప్పి ఎడమ కాల్లోకి దిగింది. ఆర్థోపెడిక్ డాక్టరు ఎమ్మారై తీయించి, "డిస్క్ బల్జ్, వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ ఉబ్బింది. ఇప్పుడే సర్జరీ అక్కర్లేదు, ఫిజియోథెరపీ చేయించండి. కాలు మొద్దుబారితే మాత్రం వెంటనే రండి" అన్నారు.

ఫిజియోథెరపీ నత్తనడక నడిచింది. తాను రొట్టెలు చేసే ఖానావళికి, అదే భోజనాల మెస్సుకు పోలేక సుజాత ఏడ్చేది. సర్జరీ అంటే ఇద్దరికీ భయం. అది లేని వైద్యాల కోసం ఫోన్లో వెతికాను. నడుమును సాగదీసే ట్రాక్షన్, డీకంప్రెషన్, చేత్తో వెన్ను నొక్కి సరిచేసే కైరోప్రాక్టిక్. వీడియోల్లో కైరోప్రాక్టర్ నొక్కగానే టక్కుమని చప్పుడు, రోగి నవ్వుతూ లేవడం. అదే మళ్ళీ మళ్ళీ చూశాను. ముందు రిపోర్టులు చూస్తామని, కాలు మొద్దుబారితే నడుము ముట్టుకోబోమని వాళ్ళు చెప్పే మాటల్ని మాత్రం ముందుకు జరిపేశాను. వాళ్ళు చేత్తో చేసేదే నేను కాలితో చేస్తున్నా కదా అనుకున్నాను.

"కాలు మొద్దుబారుతున్నది" అని సుజాత అంటూనే ఉంది. "ఇంకొక్కపాలి తొక్కుత, పోతది" అన్నాను. ఈసారి బలంగా తొక్కాను. ఆమె చాప అంచు పట్టుకుంది.

మర్నాడు ఆమెకు మూత్రం రాలేదు. తొడల మధ్య స్పర్శ లేదు. ఆసుపత్రిలో "కాడా ఈక్వైనా, నడుము కింది నరాల కట్ట నలిగిపోతోంది. ఈరోజే సర్జరీ" అన్నారు. నడుము ఎవరైనా నొక్కారా అని డాక్టరు అడిగారు. స్ట్రెచర్ మీద నుంచి సుజాతే, "లేదు సార్, నేనే జారి పడ్డ" అంది.

ఏడాది దాటింది. నడుస్తోంది గానీ ఎడమ పాదం లేవదు, పట్టీ కట్టుకోవాలి. మూత్రానికి ఇంకా ట్యూబే. చెకప్‌కు వెళ్ళినప్పుడు నేనే నిజం చెప్పేశాను. "తొక్కకపోయినా డిస్క్ జారేదేమో, చెప్పలేం. మొద్దుబారిందన్న రోజే తీసుకురావాల్సింది" అన్నారు డాక్టరు.

నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారినా, మూత్రం ఆగినా ఎవరి చెయ్యీ కాలూ పడనివ్వకండి. ఆ రోజే ఆసుపత్రికి పోండి.

చుట్టాలు అడిగితే సుజాత ఇప్పటికీ జారి పడ్డాననే చెబుతుంది. నేను పక్కనే కూర్చుని ఉంటాను. ఒక్కసారి నన్ను తిట్టి ఉంటే బాగుండేది.