నేలకి మేత

మా అత్తగారి నోట బియ్యం ఎప్పుడూ అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఎవరైనా "వెళ్తున్నా" అంటే గుమ్మంలోనే ఆపి, "వెళ్ళొస్తా" అనిపించాకే కదలనిస్తారు. "పైన తథాస్తు దేవతలుంటారమ్మాయ్, నోరు మంచిదైతే ఊరు మంచిది" అంటారు. దివిసీమలో పుట్టి, అక్కడే కాపురం చేసి, మావయ్యగారు కాలం చేశాక బందరులో మా దగ్గరికి వచ్చారావిడ. వస్తూ వస్తూ రెండు చీపుళ్ళు, ఈ మాటల జాగ్రత్త తెచ్చుకున్నారు. ఇప్పటికీ తెల్లారేసరికి వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టాల్సిందే. ఆ పని నన్ను ముట్టుకోనివ్వరు, నేనూ పట్టుబట్టలేదు.

ఆ ఏడు వానలు వెనకపట్టే రోజుల్లో మా ఆయనకి విజయవాడలో గుండె ఆపరేషన్ అయింది. బిందె ఎత్తకూడదు, పార పట్టకూడదు, ఉప్పు తగ్గించాలి, కోపం తగ్గించాలి అని చెప్పి ఇంటికి పంపారు. ఉప్పు సంగతి నేను చూసుకున్నాను. పార దగ్గరే వచ్చింది చిక్కు. గేటుకీ వరండాకీ మధ్య ఉన్న కాస్త జాగాలో ఏటా దసరా దాటగానే ఆయన తవ్వి వంగా, బెండా, గోంగూరా వేసేవారు. మా బందరు నేల సంగతి తెలిసిందే. ఎండ ముదిరితే పైన తెల్లగా ఉప్పు పేరుతుంది, మొక్కలు ఆకుల చివర్లనుంచి మాడిపోతాయి. అయినా తవ్వీ, తడిపీ, పెంట వేసీ దాని చేత కాయించేవారు.

ఇప్పుడు వరండాలో కుర్చీ వేసుకుని, కలుపు మొలిచిన ఆ జాగా వంకే చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు "ఈ ఏడు వంకాయలు కొనుక్కోవాలన్నమాట" అన్నారు. మామూలుగానే అన్నారు గానీ, ఇంకేవేం మానుకోవాలోనని ఆయన లోపల లెక్కలు వేసుకుంటున్నారని అర్థమైంది.

సరే, నేనే వేస్తానన్నాను. అనడం తేలికే. నాకు తవ్వే ఓపిక లేదు, దానికి తోడు పుట్టు బద్ధకం. ఫోన్లో వెతికితే నాలాంటి వాళ్ళ కోసమే చేసినట్టున్న వీడియో ఒకటి దొరికింది. తవ్వక్కర్లేదట, కలుపు పీకక్కర్లేదట. నేల మీద మందంగా ఎండుగడ్డి పరిచి, అక్కడక్కడ పాయ తీసి నారు పెట్టేస్తే చాలట. గుడ్లవల్లేరులో వ్యవసాయం చేసే మా ఆయన పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి వరిగడ్డి కావాలన్నాను.

"గేదెని కొన్నారా అమ్మా?" అన్నారు బావగారు.

"లేదండీ, వంకాయలకి."

"గేదెలకి వేసే గడ్డి వంకాయలకి వేస్తానంటే నేనేం చెప్తాను. పంపిస్తాలే" అన్నారు. నవ్వు ఆపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. ఆ వారంలోనే ట్రాలీ ఆటో నిండా గడ్డి వచ్చింది.

అత్తయ్యగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు గేటు నుంచి మెట్ల దాకా చక్కగా, ఒత్తుగా పరిచేశాను. మధ్యలో వంగనారు పెట్టి, చేతులు కడుక్కుని, కాఫీ తాగుతూ నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. ఆవిడ లేచి వచ్చి మెట్ల మీదే ఆగిపోయారు.

"ఇదేంటమ్మాయ్?"

"గడ్డి పరిచానండీ అత్తయ్యా. ఇంక తవ్వే పని లేదు."

ఆవిడ ముఖం ఒక్కసారి పాలిపోయింది. గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. పొద్దున్న లేచి చూస్తే గడ్డంతా గోడ వారన కుప్పగా ఉంది. వాకిలి తడిసి ఉంది, ముగ్గు పెట్టి ఉంది. నారులో సగం చీపురుకి పోయింది.

అడిగితే "పాములొస్తాయి" అన్నారు. నేను మళ్ళీ పరిచాను. ఆవిడ మళ్ళీ ఊడ్చారు. ఈసారి "వాకిట్లో చెత్త ఉంటే లక్ష్మి గడప తొక్కదు" అన్నారు. "చెత్త కాదండీ, ఎరువు" అన్నాను. మర్నాడు లక్ష్మి కోసం మళ్ళీ ఊడ్చారు. ఇలా నేను పరవడం, ఆవిడ ఊడవడం. మా ఆయన వరండాలో కూర్చుని, నవ్వితే కుట్లు లాగుతాయని గుండెల మీద దిండు అదిమి పెట్టుకుని మరీ నవ్వేవారు. "మీ ఇద్దరి మధ్యా గడ్డి అరిగిపోతోంది" అనేవారు.

నాకు నవ్వు రాలేదు. ఒకరోజు గట్టిగానే అన్నాను. "నాకేమన్నా సరదానా అత్తయ్యా? ఆయన అటే చూస్తూ కూర్చుంటున్నారని కదా ఈ తిప్పలు."

"ఇంకెక్కడన్నా వేసుకో అమ్మాయ్. వాకిట్లో వద్దు."

"ఎండ వాకిట్లోనే ఉందండీ. పెరట్లోకి రమ్మంటే వస్తుందా?"

ఆవిడ చీపురు మూల పెట్టేసి లోపలికి వెళ్ళిపోయారు. చాదస్తం అనుకున్నాను. ఆ రెండు రోజులూ గడ్డి ఉన్నచోటే ఉంది, గెలిచాననుకున్నాను.

మూడో రోజు మంగినపూడి నుంచి చేపల ఆవిడ వచ్చింది. ఆటో దిగి, గంప నెత్తిన పెట్టుకుని, వీధి చివరి నుంచే కేకేసుకుంటూ వచ్చే మనిషి. ఆ రోజు మా గేటు దాకా కేకేసుకుంటూ వచ్చి, చప్పున ఆగిపోయింది. గంప దించి, చెప్పులు విడిచి, నెత్తి మీద కొంగు సర్దుకుంది. నేను వరండాలోకి వచ్చేసరికి దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"ఎప్పుడు పోయారమ్మా అయ్యగారు?" అంది మెల్లగా. "గడ్డి పరిచేసి ఉంది... నాకు కబురే లేదు."

నేను నోరు తెరిచేలోపే దోమల తలుపు తీసుకుని మా ఆయనే బయటికి వచ్చారు. "ఇంకా పోలేదులే గానీ, రొయ్యలున్నాయా?" అన్నారు.

అది నోటి మీద చెయ్యి వేసుకుని చెంపలు వాయించుకుంది. ఆయన నవ్వారు, అదీ ఏడుస్తూనే నవ్వింది, రొయ్యలు నేను ఎలాగూ కొననివ్వలేదు. వెనక్కి తిరిగితే తలుపు వారన అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. ఆవిడ నవ్వడం లేదు. రెండు చేతులతో తలుపు చెక్క పట్టుకుని, కొడుకు వీపు వంకే చూస్తున్నారు.

అప్పుడు తట్టింది నాకు. మనిషి పోతే ఇంట్లోంచి తెచ్చి వాకిట్లో పడుకోబెడతారు. ముందు గడ్డి పరుస్తారు. మావయ్యగారికి దివిసీమలో అలాగే పరిచారు, నేనూ చూశాను. గుండె కోయించుకుని వచ్చిన కొడుకు వరండాలో కూర్చుని ఉండగా, ఆయన కళ్ళ ముందే, కోడలు రోజూ వాకిట్లో గడ్డి పరుస్తోంది. పైగా "గడ్డి పరిచాను" అని నోటితో చెప్తోంది. వద్దనడానికి ఆవిడ కారణం చెప్పాలి, చెప్పాలంటే ఆ మాట నోట రావాలి. తథాస్తు దేవతలకి భయపడి పాముల మీదా లక్ష్మి మీదా పెట్టి, చీకటితో లేచి ఊడ్చుకుంటున్నారు.

వంటింట్లో ఆవిడ పక్కన కూర్చున్నాను. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. సంచీ బియ్యంలో రాళ్ళెక్కడివి.

"తీసేస్తాను అత్తయ్యా" అన్నాను.

"వద్దు. పొద్దున్న లేవగానే వాడు ఆ మొక్కల్నే చూసుకుంటున్నాడు." చేట పక్కన పెట్టారు. "గేదెకి గడ్డి పరుస్తామా అమ్మాయ్? వేస్తాం. నువ్వూ వేశానను. నేలకి మేత వేశానను. అలా బారుగా వద్దు, మొక్క మొక్కకీ విడివిడిగా వెయ్యి."

"అలాగేనండీ" అన్నాను.

ఆ సాయంత్రమే మొక్క చుట్టూ తొట్టిలో వేసినట్టు గడ్డి సర్దాను. గేటు నుంచి మెట్ల దాకా బాట వదిలాను, అది ఆవిడ చీపురుకీ ముగ్గుకీ. మర్నాటి నుంచి "నేలకి మేత వేశావా?" అని ఆవిడే అడగడం మొదలుపెట్టారు.

నిజానికి ఆవిడ పెట్టిన మాటే సరైనది. నేల ఆ గడ్డిని తినేసింది. మంచు రోజుల్లో పైన ఎండి కరకరలాడేది, కింద చెయ్యి పెడితే చెమ్మగా, చల్లగా ఉండేది. ఒకరోజు గడ్డి ఎత్తి "మీ పాములొచ్చాయి చూడండి" అని వానపాముల్ని చూపించాను. "నోర్ముయ్" అన్నారు, నవ్వుతూనే. శివరాత్రి వెళ్ళేసరికి వంగ కాపు మీదుంది. నీళ్ళు రెండు రోజులకోసారి పోసినా సరిపోయేది. ఎండ ముదిరినా ఈసారి పైకి తెల్లగా ఉప్పు రాలేదు. అన్నీ బాగున్నాయని చెప్పను. టమాటాలు గడ్డికి ఆనినవి ఆనినట్టు కుళ్ళాయి, గోంగూరని నత్తలు జల్లెడ చేశాయి. గడ్డి కిందికి దిగినప్పుడల్లా ఆవిడ "దానికి ఆకలేస్తోంది" అనేవారు, నేను గోడ వారన కుప్పలోంచి తెచ్చి వేసేదాన్ని.

ఉగాది దాటాక ఆయన్ని మళ్ళీ విజయవాడ తీసుకెళ్ళాను. తిరుగు బస్సులో పామర్రు దాకా ఆయన కిటికీలోంచి పొలాలే చూస్తూ కూర్చున్నారు. అక్కడ బస్సు ఆగినప్పుడు "చిన్న చిన్న పనులు చేసుకోవచ్చన్నాడుగా డాక్టరు" అన్నారు.

మర్నాడు పొద్దున్న నేను కాఫీ పట్టుకుని వచ్చేసరికి ఆయన కుర్చీలో లేరు. మిగిలిన గడ్డి కౌగిట్లో పట్టుకుని మొక్కల మధ్య నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా గడ్డి పరకలు. అత్తయ్యగారు అప్పుడే ముగ్గు ముగించి, మెట్టు మీద కూర్చున్నారు. మా పాత యుద్ధం ఆయన చూశారు, చేపల ఆవిడ మాట నవ్వేసి మరిచిపోయారు, దాని వెనక అత్తయ్యగారి భయం మాత్రం ఆయనకి మేమెవరమూ చెప్పలేదు.

"అమ్మా, గడ్డి ఇక్కడ పరిచేస్తున్నా" అన్నారు.

నేను ఆవిడ వైపు చూశాను. మాట దిద్దుతారనుకున్నాను. ఆవిడ కొడుకుని పాదాల నుంచి తల దాకా తీరిగ్గా చూసుకున్నారు.

"పరుచుకో నాన్నా" అన్నారు. "పరిచేవాడివి నిలబడే ఉన్నావుగా."