యాడీ గొంతు పెట్టిన గడియారం

దేవ్యాకు నలభై రెండేళ్లు. కేసముద్రానికి ఆటో దూరంలో ఉన్న ఆ తండాలో మొట్టమొదట కంప్యూటర్ చదువు చదివింది అతనే. ఆ చదువు పట్టుకుని హైదరాబాదు పోయి పదహారేళ్లు ఒక కంపెనీలో తెరలకు కాపలా కాశాడు. కాపలా అంటే నిజంగా కాపలానే. ఎక్కడ ఏ మిషను ఆగిందో చూడటం, పైవాళ్లను లేపడం. మంచె మీద కూర్చుని చేను కాసేవాడికీ అతనికీ తేడా ఏసీ ఒక్కటే. పోయినేడు ఆ పని కూడా మిషనే నేర్చుకుంది. ఇక మనిషి అక్కర్లేదన్నారు. పదహారేళ్లు పనిచేసినవాడిని ఒక్క ఫోన్‌కాల్‌తో పంపించేశారు, వాళ్ల నోరు పడిపోను!

భార్య విజయ మానుకోటలో ఒక దవాఖానలో నర్సుగా కుదిరి అక్కడే గది తీసుకుంది. దేవ్యా తండాకొచ్చి, తల్లి మోతీబాయికి ఎకరం మిరపతోటలో సాయంగా ఉంటూ ఉద్యోగాలకు అర్జీలు పెట్టుకున్నాడు. పెట్టాడు, పెట్టాడు, పెడుతూనే ఉన్నాడు. ఒక్కరూ పలకలేదు. పలికిన ఒకటి రెండు చోట్లా వయసు అడిగి ఊరుకున్నారు. తండావాళ్లు మొదట్లో "కంప్యూటర్ సారూ, పట్నం ఎప్పుడు పోతవే?" అని ఎగతాళి చేసేవాళ్లు. తర్వాత అడగడమే మానేశారు. అడిగినప్పటికంటే మానేసినప్పుడే అతనికి ఎక్కువ నొప్పి కలిగింది.

మిరపకాయ కల్లంలో ఎండుతున్న రోజుల్లో ఒక కంపెనీ జవాబిచ్చింది. ముందు ఒక పరీక్ష పెట్టింది. నల్ల తెర మీద నడిచే చిన్న గడియారం ప్రోగ్రాము ఒకటి పంపింది. దానికి హంగులేమీ లేవు, టెర్మినల్‌లో గంటలు, నిమిషాలు, సెకన్లు కనపడతాయంతే. దేవ్యా దానికి కౌంట్‌డౌన్ కలపాలి. గడువు ఎప్పుడో చెబితే ఇంకెంత మిగిలిందో కింద చూపించాలి, గంట ఉందనగా ఒకసారి, పది నిమిషాలుందనగా ఇంకోసారి హెచ్చరించాలి. ఆదివారం సాయంత్రం ఆరింటిలోగా పంపాలి. ఆరు దాటితే తీసుకోరు.

"ఇదే ఆఖరుది విజయా," అన్నాడు ఫోన్‌లో. "ఇది గిట్ల కాకపోతే ఇగ కంప్యూటర్ ముట్ట."

"గట్లనకు జర. అయితది," అంది విజయ. "ఐతారం నేను ఫోన్ చెయ్య. చేస్తే నీ నెట్ కట్ అయితది. పంపినంక నువ్వే చెయ్యి."

పనిలో దిగాక అతనికి పాత ఊపిరి తిరిగొచ్చింది. హెచ్చరికకు ముందు 'టింగ్'మనే చప్పుడు పెట్టాడు గానీ అది ఈగ వాలినంత కూడా వినపడలేదు. అప్పుడు తల్లిని పిలిచి, "యాడీ, ఇండ్ల మాట్లాడు. ఇంక గంట ఉన్నదని చెప్పు," అని ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టాడు. యాడీ అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ. వాళ్లు మాట్లాడుకునేది ఆ భాషలోనే. మనం తెలుగులో చెప్పుకుంటున్నాం.

మోతీబాయి కొంగు సర్దుకుని, ఎదురుగా కొడుకు నిద్రపోతున్నట్టే పిలిచింది. "దేవ్యా! ఇంక గంటనే ఉన్నదిరా. లే బిడ్డా!" పది నిమిషాలదానికి ఇంకా గట్టిగా అరిచింది. చిన్నప్పుడు కేసముద్రం బడికి లేపిన గొంతు అది. పంపేముందు తీసేసి మామూలు గంట పెడదామనుకున్నాడు గానీ, అప్పటిదాకా ఉండనీ అని ఉంచుకున్నాడు.

ఆదివారం పొద్దుటికి పనంతా అయిపోయింది. ఎలా చేశాడో వివరిస్తూ ఒక పేజీ రాయాలి, అంతే. అప్పుడే కూర్చుని రాసి పంపేస్తే పీడా పోయేది. కానీ దేవ్యాకు ఒక కోరిక పుట్టింది. ఆరింటి గడువు తన గడియారానికే చెప్పాడు. గంట ఉందని అది పిలిచినప్పుడే లేచి పంపాలి, అదే దానికి అసలు పరీక్ష అనుకున్నాడు. తాను చేసినదాన్ని తానే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడు? పాపం, అందులో తప్పేముంది చెప్పండి.

మధ్యాహ్నం రెండింటికి ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కల్లంలో మిరపకాయ అంతా పరిచి ఉంది. దేవ్యా ల్యాప్‌టాప్‌కు నెట్ అందించే ఫోన్‌ను గోడ గూట్లోనే వదిలి, పరదాలు భుజాన వేసుకుని ఉరికాడు. కాయ కుప్ప చేసి కప్పేలోగా వాన దంచింది. గాలికి పరదా లేస్తుంటే వాన వెలిసేదాకా దాని మీద తానే పడుకున్నాడు. ముద్దగా తడిసి ఇంటికొచ్చేసరికి ల్యాప్‌టాప్ కనపడలేదు.

"యాడీ, నా డబ్బ ఏది?"

"భయపడకు కొడుకా. రేకుల సందుల నుంచి చినుకులు పడ్తాంటే మూసి, దుప్పట్ల సుట్టి, బియ్యం డబ్బల పెట్టిన. ఒక్క సుక్క పడనియ్యలే," అంది మోతీబాయి, పెద్ద పని చేసినదానిలా.

తీసి తెరిచాడు. బియ్యపు గింజలు రాలాయి. తెర కింది భాగంలో కౌంట్‌డౌన్ ఎర్ర అక్షరాలు వెలిగాయి. ఇంకా మూడు గంటల చిల్లర ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. స్నానం చేశాడు, తిన్నాడు, తీరిగ్గా కూర్చుని ఆ పేజీ రాశాడు. బయట చీకటి పడుతుంటే మబ్బుకనుకున్నాడు. చివరి వాక్యం దిద్దుతుండగా గడియారం పిలిచింది: "దేవ్యా! ఇంక గంటనే ఉన్నదిరా. లే బిడ్డా!"

దేవ్యాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో వచ్చిన నవ్వు. యాడీ గొంతు తీసేసి, మామూలు గంట పెట్టి, పంపు అని నొక్కాడు.

గడువు ముగిసింది అని వచ్చింది.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. అప్పుడు చూశాడు పైకి. కింది లెక్కకు సరిగ్గా పైన, వాళ్లు పంపిన ఆ గడియారం ఆరుంబావు దాటిందని చూపిస్తోంది. వాన నుంచి వచ్చినప్పటినుంచీ అది నిజమే చూపిస్తోంది. అతను మాత్రం తాను చేసినదాన్నే చూస్తూ కూర్చున్నాడు.

తప్పేమిటో వెంటనే తెలిసింది, అదే అన్నిటికంటే ఘోరం. సెకనుకొకటి చొప్పున తీసేస్తూ పొమ్మని రాశాడు. మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది. నిద్రలో సెకన్లు లెక్కపెట్టేదెవరు? తెరవగానే పై గడియారం అసలు టైము తెలుసుకుని సర్దుకుంది, కింది లెక్క మాత్రం ఆగినచోటునుంచే మళ్లీ నడిచింది. గడువులోంచి ఇప్పటి టైము తీసెయ్ అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. పదహారేళ్లు మిషన్లు ఎప్పుడు ఆగాయో కనిపెట్టిన మనిషి, తన మిషను ఆగిందని కనిపెట్టలేకపోయాడు.

కంపెనీకి మెయిలు రాశాడు. గడువు మార్చడం కుదరదని క్షణంలో జవాబొచ్చింది. అదీ మిషను రాసిందే. గూట్లో ఫోన్ మోగింది, విజయ. ఆగలేక తానే చేసినట్టుంది. మోగి మోగి ఆగిపోయింది. ఏం చెప్పాలి ఆమెకు? దేవ్యా గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఇక లేచే దారి లేదని అతనికి స్పష్టంగా తెలిసిపోయింది. ఏడవడానికి కూడా బలం రాలేదు.

ముప్పావు గంట తర్వాత మోతీబాయి చాయ్ తెచ్చింది. "ఏమైంది కొడుకా, మొకం గట్లున్నది? నీ డబ్బకు తడేమన్న తగిలిందా?"

చెబితే, ఆమె బతికినన్నాళ్లూ ఆ బియ్యం డబ్బా మూత తీసినప్పుడల్లా ఏడుస్తుంది. "లేదు యాడీ. మంచిగున్నది," అన్నాడు.

ఆమె పక్కనే కూర్చుని, తడిసిన కాయ మళ్లీ ఎండితే రంగు నిలుస్తుందా అని ఏదో మాట్లాడుతోంది. అతనికేమీ వినపడటం లేదు. పంపాల్సిన ప్రతిలో గొంతు మార్చాడు గానీ, తెర మీద మధ్యాహ్నం నుంచి నడుస్తున్న గడియారాన్ని ఆపడం మరిచిపోయాడు. అది ఒక్కసారిగా గొంతెత్తింది.

"దేవ్యా! పది నిమిషాలే ఉన్నయిరా! లే నాయినా, ఇంక యాళ్ల మించలే!"

మోతీబాయి ఉలిక్కిపడింది. తన గొంతును తానే గుర్తుపట్టి పకపకా నవ్వింది. నవ్వాపుకుని కొడుకు భుజం పట్టి కుదిపింది.

"ఇంక పది నిమిషాలున్నయంటాంది గదరా! గట్ల కూసున్నవేంది? లే, జల్ది పంపు!"

దేవ్యా లేచాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆమె చూస్తుండగా ఉత్తుత్తిగా మీటలు నొక్కసాగాడు.