నాలుగో దేశం ఏమీ అనలేదు

“టీసీలు ఇంక తీసుకోలే గదా?”

మా ఆయన ఫోన్లో అలా అడిగాడు. పిల్లల టీసీలు నేను ముందురోజే తీసుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

ఆయన మలేషియాలో కంప్యూటర్ చిప్పులు పరీక్షించే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నేను ఇద్దరు పిల్లలతో కోరుట్లలో ఉంటాను. చిన్నది పుట్టి నాలుగేళ్లు. తండ్రిని చూసింది రెండుసార్లే. ఆ కంపెనీని ఇంకో దేశపు పెద్ద కంపెనీ కొనబోయింది. రెండూ కలిశాక ఆయనను హైదరాబాద్ ఆఫీసుకు పంపుతామని మేనేజర్ మాటిచ్చాడు.

కానీ కంపెనీలు ఒప్పుకుంటే చాలదట. ఆ చిప్పులు అమ్ముడుపోయే పెద్ద దేశాలన్నీ ఒప్పుకోవాలట. ఇద్దరూ ఒక్కటైతే ధర పెంచుతారేమో, తమ ఫ్యాక్టరీలకు సరుకు ఆపుతారేమో అని అక్కడి అధికారులు చూస్తారు. మూడు దేశాలు అనుమతిచ్చాయి. నాలుగోది అవుననలేదు, కాదనలేదు. మళ్లీ మళ్లీ కాగితాలు అడుగుతూ పోయింది. అది తేలేదాకా టీసీలు తీసుకోకుండా ఆగమని మా ఆయన చెప్పాడు.

హైదరాబాద్‌లో బడి అడ్మిషన్లు అయిపోతాయేమోనని నా భయం. సిరిసిల్లలో ఉన్న మా బాపును అడిగాను. ఆయన బతుకంతా సాంచెల మీదే, అంటే మరమగ్గాల మీదే గడిచింది. అక్కడ సాంచెలు అమ్ముడుపోతే, నడిపే మనిషి కూడా వాటితోపాటే కొత్త ఆసామి దగ్గరికి పోతాడు.

“అమ్మెటోడు సరే అన్నడు, కొనెటోడు సరే అన్నడు. నడుమ గీ మూడోడెవడు బిడ్డా?” అని నవ్వాడు.

డిగ్రీ చదివాను, ఆ వార్తలన్నీ వెతికి చదివాను. అయినా బాపు మాటే పట్టుకున్నాను. నాకు కావలసిన మాట అదొక్కటే. టీసీలు ఇస్తూ బడి క్లర్కు, పట్నం పోయినంక మమ్మల్ని మర్చిపోతరు మేడం అని ఆటపట్టించాడు. నేనూ నవ్వాను.

తీసుకున్నానని ఫోన్లో చెప్పాక మా ఆయన అసలు సంగతి చెప్పాడు. ఒప్పందం గడువు దాటిందట, కొనేవాళ్లు తప్పుకున్నారట. హైదరాబాద్ మాట ఇక లేనట్టే.

“ఎవరు వద్దన్నరు?” అని అడిగాను.

“ఎవ్వరూ వద్దనలే. ఊకెనే ఉన్నరు, దినాలు ఒడిసినయి.”

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు.

తెల్లవారి పెద్దోడు, డాడీ ఏ రోజు వస్తడని అడిగాడు. చిన్నది కూడా వచ్చి పక్కన నిలబడింది. పండుగకని ఏదో ఒకటి చెబుదామనుకొని మానుకున్నాను.

“వస్తలేడు నాన్నా. రావాలనే ఉండె ఆయనకు. ఎప్పుడొస్తడో నాకు గూడ తెల్వది” అని చెప్పాను.